కాళ్ళు లేని పేషంటూ, మద్దిలేటి మందులపెట్టే

సద్దలదిన్నెలో తెలివైన ఇల్లు ఏదని ఎవరినైనా అడగండి, కాసేపు ఆలోచిస్తారు. మద్దిలేటిని అడిగితే మాత్రం ఆలోచించడు. "ఆలోచించేదానికి ఏముందప్పా, మాదే" అంటాడు. వెనక నుంచి తమ్ముడు ఓబులేసు "మాదే" అంటాడు. పొయ్యి దగ్గర నుంచి పెళ్ళాం సుంకమ్మ "మాదే" అంటుంది. అరుగు మీద కునుకుతున్న తల్లి గంగవ్వ, అడిగిందేమిటో తెలియకపోయినా, కళ్ళు తెరవకుండానే "మాదే నాయనా" అంటుంది. నలుగురూ ఒకే మాట అన్నాక అది నిజం కాకుండా ఎట్లా పోతుంది?

ఆ తెలివికి సాక్ష్యాలు కూడా ఉన్నాయి. పోయిన ఏడు ఆవుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు సీసా చేతికిచ్చి "పొద్దున్నే పరగడుపున తాగించండి" అన్నాడు. అంతే. ఎనిమిది రోజులు ఇంట్లో నలుగురూ గుక్కెడు నీళ్ళైనా ముట్టకుండా పరగడుపున నిలబడి ఆవుకు మందు తాగించారు. ఆవు మాత్రం అప్పటికే రెండు మోపుల గడ్డి మేసి, నెమరు వేస్తూ వీళ్ళ వంక జాలిగా చూసేది. తొమ్మిదో రోజుకు ఆవు కుదురుకుంది. "చూసినారా, మన పరగడుపు ఎంత పని చేసిందో!" అన్నాడు మద్దిలేటి, తల తిరిగి గోడ పట్టుకుంటూ.

ఇక ఓబులేసు సంగతి. ఒకసారి టౌనుకు బస్సెక్కాడు. కిటికీ మీద 'చేతులు బయట పెట్టరాదు' అని రాసి ఉంది. ఇంకేముంది, చేతులు బయట పెట్టకుండా బస్సు దిగడం ఎట్లాగో తేలలేదు. డిపో దాకా పోయి, అదే బస్సులో వెనక్కి వచ్చాడు. సద్దలదిన్నె దగ్గర కండక్టరు వీపు మీద చెయ్యి వేసి తోస్తే దిగాడు. "నేనుగా పెట్టలేదన్నా, ఆయనే పెట్టించినాడు" అని ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాడు.

ఇంత తెలివి ఉండీ ఏం లాభం? ఊళ్ళో ఒక్కరికీ ఆ ఇంటి మీద నమ్మకం లేదు. పెళ్ళికి పోతూ ఇంటి తాళంచెవి ఎవరికైనా ఇచ్చిపోవాలంటే మద్దిలేటి గడప దాటి ఆ పక్కింటికి ఇచ్చేవాళ్ళు. కోడిపిల్లల గంపను కాసేపు చూస్తుండమని కూడా ఎవరూ అనలేదు. పుట్టి నలభై రెండేళ్ళయినా "ఇది నీ దగ్గర ఉంచు మద్దిలేటీ" అన్న మాట అతని చెవిన పడలేదు. పైకి నవ్వేవాడు గానీ, లోపల అదొక ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక బుధవారం, నర్సు దేవకరుణ మేడమ్ స్కూటీ మీద ఊళ్ళోకి వచ్చింది. వెనక సీటుకు తాడుతో ఒక తెల్ల పెట్టె కట్టి ఉంది. బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టింది.

"మెయిన్ రోడ్డు నుంచి మీ ఊరు పద్నాలుగు కిలోమీటర్లు. అంబులెన్సు ఎంత తొందరగా వచ్చినా నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలూ మనిషి ప్రాణం మీ చేతుల్లోనే ఉంటుంది" అంది.

మద్దిలేటి తన చేతుల వంక చూసుకున్నాడు. చేలో చెనిక్కాయ చెట్లు పీకి పీకి మట్టి కొట్టుకొని ఉన్నాయి. గబగబా తువ్వాలుకు తుడుచుకున్నాడు.

మేడమ్ పెట్టె మూత తీసి చూపించింది. కట్టు గుడ్డలు, దూది, కత్తెర, విరేచనాలకు కలిపి తాగే పొడి పొట్లాలు. "మూడు రోజులు నేర్పిస్తాను. సోమవారం వచ్చి చూస్తాను. చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్న ఇంట్లో ఈ పెట్టె ఉంచిపోతాను. ఊరందరికీ అవసరానికి ఆ ఇల్లే దిక్కు."

ఉంచిపోతాను! మద్దిలేటి కూర్చున్నచోటు నుంచి ముందుకు జరిగాడు.

ఎదురింటి నారప్ప లేచాడు. నోరు పెద్దది, మిద్దె ఇంకా పెద్దది. "మా ఇంట్లో పెట్టండి మేడమ్. ఆ మద్దిలేటి ఇంట్లో మాత్రం వద్దు. కట్టు గుడ్డలన్నీ కలిపి కుట్టి గంగవ్వకు చీర కడతారు."

వరండా అంతా నవ్వింది. గంగవ్వ కూడా నవ్వింది. "అంచు ఏ రంగు?" అని అడిగింది.

మద్దిలేటి నవ్వలేదు. ఇంటికొచ్చి పళ్ళు కొరుకుతూ చెప్పాడు: "ఓబులేసూ, మేడమ్ నోట్లో నుంచి ఏ మాట వస్తే ఆ మాట. అర గింజ ఎక్కువ వద్దు, అర గింజ తక్కువ వద్దు. పెట్టె మన గోడకు రావాల."

మొదటి రోజు మేడమ్ చెప్పింది రెండే విషయాలు. ప్రమాదం ఎక్కడ జరిగినా, కరెంటో నిప్పో చూసుకోకుండా దూకొద్దు, ముందు మీ క్షేమం చూసుకొని తర్వాతే దెబ్బ తగిలినవాళ్ళ దగ్గరికి పొమ్మంది. చెయ్యి కాలితే పేస్టూ పసుపూ పూయకుండా, ధారగా నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టమంది.

మర్నాడు పొద్దున సుంకమ్మ సంగటి కెలుకుతుంటే ఎసరు చిందింది. "అబ్బా, చెయ్యి కాలిందే!" అని అరిచింది.

మద్దిలేటి ఒక్క దూకు దూకబోయి, గాల్లోనే ఆగినంత పని చేశాడు. "ఓబులేసూ! ముందు మన క్షేమం!"

అంతే. ఓబులేసు చెప్పులు వెతుక్కొని తొడుక్కున్నాడు. మద్దిలేటి తలకు తువ్వాలు చుట్టి, దూలం వంక చూసి, అది ఇప్పట్లో పడేట్టు లేదని రూఢి చేసుకున్నాడు. ఓబులేసు ఒంటికి వేడి చేయకుండా చెంబెడు మజ్జిగ తాగాడు. తర్వాత మద్దిలేటికి గుర్తొచ్చింది.

"అమ్మా, నీ క్షేమం ఎట్లుంది?"

"మోకాళ్ళు నొప్పి నాయనా."

"అయ్యో, ఇంట్లో క్షేమం తక్కువగా ఉండాదే!" అని ఇద్దరూ కూర్చొని తల్లి మోకాలికి ఆముదం రాయడం మొదలుపెట్టారు.

"నా చెయ్యి మండతాంది!" అంది సుంకమ్మ.

"ఉండుమే! ఎడమ మోకాలు మిగిలుంది!"

సుంకమ్మ కూడా ఆ ఇంటి మనిషే కదా. న్యాయమే అనుకుంది. "సరే, కాస్త తొందరగా క్షేమంగా ఉండండి" అని చెయ్యి ఊదుకుంటూ నిలబడింది.

ఆ తర్వాత బోరింగు దగ్గరికి తీసుకుపోయారు. ఓబులేసు బోరింగు కొడుతుంటే సుంకమ్మ చెయ్యి పెట్టింది. ఇరవై నిమిషాలు తెలియాలి కదా! మద్దిలేటి గోడ గడియారాన్ని పీకి, నెత్తిన పెట్టుకొని వచ్చాడు. ఎనిమిదీ పది. ఎనిమిదిన్నర దాకా కొట్టాలి. కొట్టారు. ఓబులేసు చేతులు పడిపోయాయి. మద్దిలేటి చూశాడు. ఎనిమిదీ పది. ఇంకాసేపు కొట్టారు. ఎనిమిదీ పది. గడియారాన్ని పీకేటప్పుడు బ్యాటరీ మంచం కిందికి దొర్లిపోయిందని వాళ్ళకేం తెలుసు?

"కష్టంలో కాలం గడవదంటారు, నిజమే వదినా" అన్నాడు ఓబులేసు ఒగురుస్తూ.

బిందెలతో వచ్చిన ఆడవాళ్ళందరికీ నీళ్ళు నిండాయి. దూడలు తాగిపోయాయి. వీధి అంతా కాలవ అయింది. నారప్ప పంచె ఎత్తి పట్టుకొని వచ్చాడు. "ఎండ నడినెత్తికి వచ్చింది కదరా! మధ్యాహ్నమైంది!"

"నీ కడుపుకు అయిందేమో మామా, గడియారానికి ఇంకా కాలా" అన్నాడు మద్దిలేటి.

పన్నెండు గంటల తరగతికి వచ్చిన మేడమే చివరికి సుంకమ్మను లాగింది. చెయ్యి నానబెట్టిన చింతపండులా ఉంది. బొబ్బ మాత్రం లేవలేదు. "నీళ్ళ కింద పెట్టడం మంచి పనే. కానీ ఇరవై నిమిషాలంటే నాలుగు గంటలు కాదు కదయ్యా" అంది.

మద్దిలేటి చెవికి 'మంచి పనే' వరకే ఎక్కింది. నారప్ప వంక మీసం దువ్వి చూశాడు.

ఆ రోజు తరగతిలో, గొంతుకు అడ్డం పడినవాళ్ళకు ఏం చెయ్యాలో చెప్పింది మేడమ్. "ముందు, మాట్లాడగలరా, దగ్గగలరా అని అడగండి. చేతకాకపోతే ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి అడుగుతో ఐదు దెబ్బలు వెయ్యండి" అంది. ఓబులేసు ఐదు వేళ్ళూ ముడిచి గుర్తుపెట్టుకున్నాడు. ముడిచిన వేళ్ళు తెరిస్తే మరిచిపోతానేమోనని ఆ సాయంత్రం సుంకమ్మ చేత అన్నం తినిపించుకున్నాడు.

శుక్రవారం మేడమ్ పెద్ద సంచి తెచ్చింది. అందులో నుంచి నడుము దాకా ఉన్న రబ్బరు మనిషి బయటికి వచ్చింది. తల ఉంది, నోరు తెరిచి ఉంది, ఛాతీ ఉంది, అంతటితో సరి.

"మనిషి పడిపోయింది. పిలిస్తే పలకదు, ఊపిరి లేదు. మొదట అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, తొందర తొందరగా నొక్కండి. ఊపిరి వచ్చేదాకా గానీ, అంబులెన్సు వచ్చేదాకా గానీ ఆపొద్దు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోండి."

అందరూ తలో పది సార్లు నొక్కారు. మద్దిలేటి చెమటలు కక్కుతూ నొక్కాడు. పోయేటప్పుడు మేడమ్ స్కూటీ మీద చోటు చాలలేదు. చుట్టూ చూసింది. మద్దిలేటి చేతులు కట్టుకొని ముందే నిలబడి ఉన్నాడు.

"సోమవారం దాకా ఇది మీ ఇంట్లో ఉంచయ్యా. రేపు ఇంట్లో వాళ్ళంతా సాధన చెయ్యండి. బొమ్మ కదా అనుకోవద్దు, మీ మనిషే పడిపోయిందనుకొని చెయ్యండి."

మీ ఇంట్లో ఉంచయ్యా! నలభై రెండేళ్ళకు విన్న మాట. మద్దిలేటి ఆ రబ్బరు మనిషిని భుజాన వేసుకొని, ఊరు మొత్తం కనపడేట్టు, దగ్గరి దారి వదిలి చుట్టూ తిరిగి ఇంటికి పోయాడు.

శనివారం పొద్దున చాప పరిచి రబ్బరు మనిషిని పడుకోబెట్టి, దుప్పటి కప్పారు. నలుగురూ చుట్టూ కూర్చున్నారు.

"అమ్మా! అమ్మా! పలుకమ్మా!" అన్నాడు మద్దిలేటి.

పలకలేదు.

ఓబులేసు ముక్కు దగ్గర వేలు పెట్టాడు. మొహం పాలిపోయింది. "అన్నా, ఊపిరి లేదు."

"నిన్నటి నుంచి మనింట్లోనే ఉండాది కదరా, ఎప్పుడు పోయింది?"

గంగవ్వ దుప్పటి ఎత్తి చూసి గుండెలు బాదుకుంది. "ఎవరి బిడ్డో గానీ, కాళ్ళు యాడ పోయినాయిరా?"

"ముందు ఊపిరి చూద్దాం లేమ్మా, కాళ్ళ సంగతి తర్వాత" అని మద్దిలేటి రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. గంగవ్వ చేతులు తట్టి తాళం వేసింది. సుంకమ్మ ఫోన్ తీసి నూటెనిమిదికి కొట్టి, నొక్కుతున్న మొగుడి చెవికి ఆనించింది.

అవతల ఒక అమ్మాయి. "ఏం జరిగింది సార్?"

"మనిషి పడిపోయింది తల్లీ. ఊపిరి లేదు."

"వయసెంత సార్?"

"చెప్పడం లేదు."

"ఆడా, మగా?"

మద్దిలేటి పరకాయించి చూశాడు. "జడ లేదు, మీసమూ లేదు."

"వేరే దెబ్బలేమైనా ఉన్నాయా?"

"నడుము కింద ఏమీ లేదు తల్లీ."

"ఎప్పటి నుంచి సార్ ఇట్లా?"

"వచ్చినప్పటి నుంచీ ఇంతే. మేడమ్ సంచిలో తెచ్చింది."

"సార్, అది సాధన చేసే బొమ్మా?"

"బొమ్మ అనుకోవద్దని చెప్పింది మేడమ్."

"సార్, బొమ్మ కోసం బండి రాదు. దయచేసి, నిజంగా మనుషులకు అవసరమైతేనే ఈ నంబరుకు చెయ్యండి." ఫోన్ పెట్టేసింది.

మద్దిలేటి నొక్కుతూనే ఆలోచించాడు. నొక్కుతూ ఆలోచించడం అలవాటు లేక ఒక్కొక్క ఆలోచనా ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఓబులేసూ. ఊపిరి వచ్చేదాకా. లేదా బండి వచ్చేదాకా. బండి రాదంట. ఊపిరి వచ్చేట్టు లేదు. అంటే…"

"అంటే జీవితాంతం అన్నా."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పని కష్టమే. కానీ మనింటి మనిషి అన్నాక తప్పుతుందా? ఇంకేముంది, వంతులు వేసుకున్నారు. మద్దిలేటి, ఓబులేసు, సుంకమ్మ, మళ్ళీ మద్దిలేటి. గంగవ్వది తాళం.

ఆవు పాలు పితికేవాళ్ళు లేక అరిచి అరిచి, దూడను తానే వెతుక్కొని పాలిచ్చుకుంది. చేలో కుప్ప వేసిన చెనిక్కాయను పందులు పంచుకున్నాయి. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు నోట్లో ముద్ద పెట్టేవాళ్ళు. ముద్ద గుండెల మీద పడితే పేషంటును తుడిచేవాళ్ళు. ఓబులేసు వంతు అయిపోయి నిద్రపోయినా చేతులు ఆగలేదు, తల కింది దిండును తీసి తెల్లారేదాకా నొక్కి, పొద్దున్నే "ఈమెకు ఎట్లుంది?" అని దిండునే అడిగాడు.

ఆదివారం ఊరంతా వచ్చి గుమ్మంలో నిలబడింది. "బొమ్మరా అది!" అన్నారు. "మాకు తెలుసులే. అయినా బొమ్మ అనుకోవద్దన్నారు" అన్నాడు మద్దిలేటి. ఆపేద్దామా అని అతనికి ఒకసారి అనిపించకపోలేదు. భుజాలు ఊడిపోతున్నాయి. కానీ మేడమ్ నమ్మి ఇచ్చిన మనిషి. సోమవారం ఆమె వచ్చేసరికి చాప మీద ఊపిరి లేకుండా పడి ఉంటే ఇంకేం పెట్టె? ఆ తెల్ల పెట్టె నేరుగా నారప్ప మిద్దెలోకి పోతుంది. ఆ ఆలోచన రాగానే చేతుల్లోకి బలం వచ్చేది.

సోమవారం పొద్దెక్కింది. సుంకమ్మ నీళ్ళకు పోయింది. ఓబులేసు గోడకు ఆనుకొని గురక పెడుతున్నాడు. గంగవ్వ నిద్రలోనే తాళం వేస్తోంది. మద్దిలేటి ఒక్కడే నొక్కుతున్నాడు. అప్పుడు నారప్ప ఒడి నిండా వేయించిన చెనిక్కాయలు పోసుకొని, తమాషా చూడటానికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమల్లుడూ, మీ చుట్టం లేచి కాఫీ ఏమన్నా అడిగిందా?" అని గుప్పెడు గింజలు నోట్లో వేసుకున్నాడు. "కాళ్ళకు చెప్పులు కొనిపెట్టినావా?" అని తన జోకుకు తానే పగలబడి నవ్వాడు.

అంతే. నవ్వు సగంలో తెగిపోయింది. నారప్ప కళ్ళు పెద్దవైపోయాయి. రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, శబ్దం రాలేదు.

"మామా, అడ్డం పడిందా? మాట్లాడగలవా?"

నారప్ప అడ్డంగా తలాడించాడు.

"నోటితో చెప్పు మామా, మేడమ్ అడగమనింది."

నారప్ప మొహం ఎర్రబడి నల్లబడుతోంది. మద్దిలేటి చేతులు ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాయి. "కొంచెం ఓర్చుకో మామా, ఈమె ముందొచ్చింది. ఓబులేసూ! లెయ్‌రా! సుంకమ్మా!" ఎవరూ రాలేదు. గంగవ్వ తాళం ఆగలేదు. నారప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒళ్ళోని చెనిక్కాయలు ఇల్లంతా దొర్లాయి.

మద్దిలేటికి జీవితంలో ఇంత పెద్ద ఇబ్బంది రాలేదు. చేతులు రెండే. చేతుల కింద మేడమ్ నమ్మి ఇచ్చిన మనిషి, ఎదురుగా నలభై ఏళ్ళుగా ఎగతాళి చేస్తున్న మామ. చెయ్యి తీస్తే పెట్టె పోతుంది. తీయకపోతే ఈ మామ పోతాడు. మామ కళ్ళు చూశాడు. ఆ కళ్ళల్లో ఎగతాళి లేదు, భయం ఉంది.

"తప్పయిపోయింది తల్లీ" అని రబ్బరు మనిషికి దండం పెట్టి, చేతులు తీసేశాడు.

ఒక్క దూకున నారప్పను ముందుకు వంచాడు. ఒకటి! రెండు! రెండు రోజులు నొక్కి నొక్కి బండబారిన చేతులవి. మూడో దెబ్బకు గింజ తుపాకీ గుండులా ఎగిరిపోయింది. నారప్ప "హా…" అని ఊపిరి లాగాడు.

"వచ్చిందిరా! చాలురా!"

"ఐదు చెప్పినారు మామా, ఇంకా రెండుండాయి" అని మద్దిలేటి ఆ రెండూ కూడా వేశాడు.

నారప్ప వీపు పట్టుకొని చాప మీద పడ్డాడు, కన్నీళ్ళు కారుతున్నాయి, ఊపిరి మాత్రం బ్రహ్మాండంగా ఆడుతోంది. ఈ గోలకు ఓబులేసు లేచాడు. లేచి చూసేసరికి ఏముంది? ఎగిరిన గింజ పోయి పోయి రబ్బరు మనిషి తెరిచిన నోట్లో పడి ఉంది!

"అన్నా! ఈమెకూ అడ్డం పడింది!" అని అరిచి, బోర్లా తిప్పి, ఐదు వేళ్ళూ ముడిచి లెక్క చూసుకొని, బలంగా ఐదు గుద్దులు గుద్దాడు. గింజ బయట పడింది. దాని వెనకే లోపల ఎక్కడో గాలితిత్తి చిట్లి, నోట్లో నుంచి 'ఉస్స్స్' మంటూ గాలి వచ్చింది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"ఊపిరి!" అన్నాడు ఓబులేసు.

"ఊపిరి వచ్చింది! ఇంక ఆపొచ్చు!" అని మద్దిలేటి నారప్పను కౌగలించుకొని ఏడ్చాడు. గంగవ్వ తాళం ఆపి, "మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు స్కూటీ ఆగింది. దేవకరుణ మేడమ్ లోపలికి వచ్చింది, వెనకే బిందెతో సుంకమ్మ.

మద్దిలేటి ఎదురుపోయి చేతులు కట్టుకున్నాడు. "మేడమ్, నీ మనిషికి ఊపిరి వచ్చింది. కాళ్ళు మాత్రం ఇంకా రాలేదు. నడుమ ఒక తప్పు చేసినా. ఈ నారప్ప మామకు అడ్డం పడితే చేతులు తీసినా. పెట్టె ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే, అబద్ధం చెప్పలేను."

మేడమ్ చప్పబడిన బొమ్మను చూసింది. చెనిక్కాయలు చూసింది. నారప్ప వీపు మీద అయిదు అచ్చులు చూసింది. సంగతంతా విని, నవ్వాలో ఏడవాలో తెలియక నారప్ప వైపు తిరిగింది. "మీరేమంటారండీ?"

నారప్ప గొంతు సవరించుకున్నాడు. పెద్ద నోరు చిన్నగా పలికింది. "పెట్టె వీళ్ళింట్లోనే పెట్టండి మేడమ్. తెలివి గలవాళ్ళని కాదు. మా ఇంట్లో వాళ్ళైతే ఒకటి కొట్టి, కొట్టొచ్చా కూడదా అని పంచాయితీ పెట్టేవాళ్ళు. వీళ్ళైతే ఎన్ని చెబితే అన్నీ వేస్తారు. ఆ మిగిలిన రెండూ నేను చచ్చేదాకా మరిచిపోను గానీ, చచ్చేదాకా అంటూ ఒకటి మిగిలింది కదా."

మేడమ్ పెట్టె తెచ్చి మద్దిలేటి చేతుల్లో పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచు మద్దిలేటీ. కానీ రెండే మాటలు, జాగ్రత్తగా విను. పిల్లల చేతికి అందకుండా ఎత్తులో పెట్టు. ఎండ తగలనియ్యకు." పెట్టెను రెండు చేతులా పట్టుకొని మద్దిలేటి సరే అన్నాడు. మేడమ్ బొమ్మను మడిచి సంచిలో పెట్టుకొని, బాగుచేయించాలని గొణుక్కుంటూ పోయింది.

అంతే. ఇల్లంతా పనిలో దిగింది. మొదట అటక మీద పెట్టారు. పిల్లల చేతికి అందుతుందో లేదో తెలియాలి కదా! వీధిలోని పిల్లలందరినీ పిలిచి, "అందుకోండి చూద్దాం" అన్నారు. పిల్లలు గాదె ఎక్కి క్షణంలో అందుకున్నారు. ఇంటి కప్పు మీద పెట్టారు. పిల్లలు వేపచెట్టు ఎక్కి దూకారు. నారప్ప మిద్దె పిట్టగోడ మీద పెట్టారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి అదీ అందుకున్నారు. ఇట్లాంటి ఆట పిల్లలకు పుట్టినప్పటి నుంచీ దొరకలేదు.

మద్దిలేటి తల ఎత్తి చూశాడు. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తు ఏది? ఊరి చివర నీళ్ళ ట్యాంకు. ఇంకేముంది, పొడుగాటి నిచ్చెన తెచ్చి ఓబులేసును, పెట్టెను పైకి పంపాడు.

"అన్నా, ఇక్కడ ఎండ దంచుతాంది!" అని అరిచాడు ఓబులేసు పైనుంచి.

"గొడుగు పట్టుకొని కూర్చో! ఎండ తగలనియ్యొద్దు అన్నారు!" అని తాడుకు కట్టి గొడుగు పంపించాడు.

"పిల్లలు నిచ్చెన ఎక్కొస్తాండారన్నా!"

"అయితే నిచ్చెన కూడా పైకి లాక్కో!"

లాక్కున్నాడు. పిల్లలు కింద నిలబడి గుడ్లప్పగించి చూశారు. అందలేదు! ఎవరికీ అందలేదు! మద్దిలేటి నడుము మీద చేతులు పెట్టుకొని ఆనందంతో ఊగిపోయాడు.

సాయంత్రం సుంకమ్మకు కూర తరుగుతుంటే వేలు తెగింది. కొంగు చుట్టుకొని ట్యాంకు కిందికి వచ్చింది. "ఓబులేసూ, కాస్త దూది, ఒక కట్టు గుడ్డ వెయ్యి!"

"వేస్తే పిల్లలు పట్టుకుంటారు వదినా! కావాలంటే నువ్వే పైకి రా!"

"నిచ్చెన దించు, వస్తా!"

"దించితే పిల్లలు ఎక్కుతారు కదా!"

"అవును, అదీ నిజమే" అని సుంకమ్మ ఒప్పుకొని వేలు నోట్లో పెట్టుకొని ఇంటికి పోయింది.

చేతికర్ర ఊపుకుంటూ నారప్ప వచ్చాడు. పైకి చూశాడు. గాలికి గొడుగు ఊగుతోంది, గొడుగుతో పాటు ఓబులేసూ ఊగుతున్నాడు.

"ఒరే ఓబులేసూ! అంత ఎత్తు నుంచి కింద పడితే ఏం గతిరా?"

గొడుగు పక్కకు జరిపి ఓబులేసు తల బయట పెట్టాడు. ఆ ఇంటి తెలివంతా ఆ మొహంలో వెలిగిపోతోంది.

"పడితే ఏముంది మామా! మందులపెట్టె పైన నా పక్కనే ఉండాది కదా!"